అమెరికా మెడికెయిడ్: ఇంటివద్ద వ్యక్తిగత సంరక్షణ వ్యయం

మంచం దిగలేని మనిషికి ఒళ్లు తుడిచి బట్టలు మార్చాలి, ముద్ద నోటికందించాలి, మరుగుదొడ్డికి నడిపించుకెళ్లాలి, పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వీటిలో డాక్టరు చేయాల్సింది ఏమీ లేదు. చేసేవాళ్లు లేకపోతే మాత్రం ఆ మనిషి సొంత ఇంట్లో వారం కూడా నెట్టుకురాలేడు. అమెరికాలో వీటిని వ్యక్తిగత సంరక్షణ సేవలు అంటారు. ఇళ్లకొచ్చి ఈ పనులు చేసేవాళ్ల జీతాల్లో పెద్ద భాగం మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం నుంచి వస్తుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం 1965లో పుట్టిన ఈ పథకం ఖర్చును కేంద్రం, రాష్ట్రాలు కలిసి భరిస్తాయి. కేంద్రం వాటా ఆయా రాష్ట్రాల తలసరి ఆదాయాన్ని బట్టి మారుతుంది. అది సగానికి తగ్గదు, చట్టం ప్రకారం 83 శాతం దాటదు.

ఈ వ్యయాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక సంగతి ముందే పట్టుకోవాలి. మెడికెయిడ్ చట్టంలో పెద్దవాళ్లకు నర్సింగ్ హోమ్ ఒక హక్కు. అర్హులైనవాళ్లకు ప్రతి రాష్ట్రమూ దాన్ని ఇచ్చి తీరాలి. (అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లలో ఉండే చిన్న ఆసుపత్రి కాదు, లేవలేని వృద్ధులు, వికలాంగులు నెలలూ సంవత్సరాలూ ఉండిపోయే సంరక్షణ కేంద్రం.) అదే మనిషి ఇంట్లో ఉండి సాయం అడిగితే ఇవ్వడం రాష్ట్రం ఇష్టం. ఇవ్వొచ్చు, మానొచ్చు, ఇచ్చి తర్వాత తగ్గించొచ్చు. 21 ఏళ్లలోపు వాళ్లకు మాత్రం అవసరమని తేలితే ఇవ్వాల్సిందే. ఈ పద్దు చరిత్రలో కనిపించే వెయిటింగ్ లిస్టులు, కోతలు, కోర్టు కేసులు, చాలీచాలని జీతాలు చాలావరకు ఈ ఒక్క తేడా నుంచి పుట్టినవే.

మెడికేర్ ఎందుకు ఆదుకోదు

65 దాటిన దాదాపు అందరికీ వర్తించే బీమా మెడికేర్. అది ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. ఇల్లు కదలలేని స్థితిలో డాక్టరు రాస్తే నర్సును, ఫిజియోథెరపిస్టును అప్పుడప్పుడు ఇంటికి పంపుతుంది. వాళ్లు వస్తున్నన్నాళ్లు స్నానానికీ కొంత సాయం దొరుకుతుంది. నర్సు అవసరం తీరిపోయి స్నానం, తిండి, మరుగుదొడ్డి మాత్రమే మిగిలితే మెడికేర్ తప్పుకుంటుంది. పక్షవాతం వచ్చిన మనిషికి ఆ మిగిలినవే ఏళ్లతరబడి ఉంటాయి.

సొంత డబ్బుతో మనిషిని పెట్టుకుంటే 2023 ధరల్లో గంటకు 30 డాలర్ల దాకా అయింది. నర్సింగ్ హోమ్ అయితే ఏడాదికి లక్ష డాలర్లు దాటుతుంది. దాచుకున్నదంతా కరిగిపోయాకే చాలామంది మెడికెయిడ్ గుమ్మం తొక్కుతారు. ఎక్కువ రాష్ట్రాల్లో వృద్ధుల, వికలాంగుల చేతిలో ఉండదగిన ఆస్తి పరిమితి ఒంటరి మనిషికి 2,000 డాలర్లు. 1989 నుంచి అది మారలేదు. సాధారణంగా నివాసముండే ఇంటిని ఆ లెక్కలోకి తీసుకోరు, అయితే 1993 చట్టం ప్రకారం 55 ఏళ్లు దాటాక దీర్ఘకాల సంరక్షణకు పెట్టిన ఖర్చును ఆ మనిషి పోయాక వదిలివెళ్లిన ఆస్తి నుంచి రాష్ట్రం రాబట్టుకోవాలి. భార్యాభర్తల్లో ఒకరికి సంరక్షణ కావాల్సివస్తే రెండోవాళ్లు రోడ్డున పడకుండా 1988లో కొంత రక్షణ కల్పించారు. జీవితమంతా పన్ను కట్టిన మధ్యతరగతి మనిషిని చేతులు ఖాళీ అయ్యేదాకా ఆగి ఆదుకోవడం ఈ ఏర్పాటులోని కఠినమైన భాగం.

ఇంటి పని నుంచి ప్రభుత్వ పద్దుదాకా

ప్రభుత్వ ధనంతో ఇళ్లకు సహాయకులను పంపడం 1930ల మాంద్యం నాటిది. పని లేని పేద మహిళలకు, వాళ్లలో ఎంతోమంది నల్లజాతి వాళ్లకు, ఉపాధి చూపించడానికి రూజ్వెల్ట్ ప్రభుత్వం వాళ్లను జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు పంపింది. 1938లో కనీస వేతన చట్టం వచ్చినప్పుడు ఇళ్లలో పనిచేసేవాళ్లు దాని నీడలోకి రాలేదు. ఈ వృత్తికి ఆనాడు పడిన ముద్ర చాలాకాలం చెరగలేదు.

1970లలో రెండు వైపుల నుంచి ఒత్తిడి పెరిగింది. కాలిఫోర్నియాలో పోలియోతో మెడ కింద కదలిక లేని ఎడ్ రాబర్ట్స్, ఆయన సహచరులు 1972లో బర్కిలీలో స్వతంత్ర జీవన కేంద్రాన్ని పెట్టారు. తమకు సాయం చేసే మనిషిని తామే ఎంచుకుంటామని, ఎప్పుడు లేవాలో ఏం తినాలో తామే నిర్ణయించుకుంటామని వాళ్లు పట్టుబట్టారు. ఆ మరుసటి ఏడే ఆ రాష్ట్రంలో ఐహెచ్‌ఎస్‌ఎస్ అనే ఇంటి సహాయ సేవల కార్యక్రమం మొదలైంది. మరోవైపు నర్సింగ్ హోమ్ బిల్లులు రాష్ట్రాల నడ్డి విరుస్తున్నాయి. దశాబ్దం మధ్యకల్లా వ్యక్తిగత సంరక్షణను రాష్ట్రాలు కోరుకుంటే మెడికెయిడ్‌లో చేర్చుకునే వీలు ఏర్పడింది. తొలినాళ్లలో డాక్టరు రాయాలి, నర్సు పర్యవేక్షించాలి. 1993లో ఈ సేవ పేరు చట్టంలోకే ఎక్కింది. ఆ తర్వాత ఇంటి గడప దాటి బడిలో, ఉద్యోగంలో కూడా సాయం ఇచ్చే వెసులుబాటు వచ్చింది.

1981 నవంబరులో అధ్యక్షుడు రీగన్ విలేకరుల సమావేశంలో అయోవా రాష్ట్రం సీడర్ రాపిడ్స్‌కు చెందిన మూడేళ్ల పాప కేటీ బెకెట్ సంగతి ఎత్తారు. నెలల పిల్లగా ఉన్నప్పుడు మెదడువాపు వచ్చి వెంటిలేటర్ మీద ఆధారపడింది. ఇంటికి తీసుకెళ్తే ఖర్చు ఆసుపత్రిలో అయ్యేదాంట్లో ఆరోవంతు. అయినా ఇంటికి వెళ్తే మెడికెయిడ్ ఆగిపోతుంది కాబట్టి పాప ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఆమె కోసం నిబంధన సడలించారు. అదే ఏడాది వచ్చిన చట్టం రాష్ట్రాలకు ‘వెయివర్’ అనే మార్గం తెరిచింది: సంస్థలో పెట్టే ఖర్చుకు సగటున మించకుండా ఇంటిదగ్గరే సేవలు ఇవ్వొచ్చు. దాంతోపాటే ఇంతమందికే ఇస్తామని గిరి గీసుకునే అధికారమూ రాష్ట్రాలకు దక్కింది. ఈ గిరి బయట నిలబడ్డవాళ్లే నేటి వెయిటింగ్ లిస్టు. ఇటీవలి ఏళ్లలో దేశమంతటా కలిపి ఆ జాబితాల్లో 7 లక్షల పేర్ల దాకా ఉంటున్నాయి, ఎక్కువమంది మానసిక ఎదుగుదలలో వైకల్యం ఉన్నవాళ్లు.

డెన్వర్‌లో 1983లో పుట్టిన అడాప్ట్ అనే వికలాంగుల సంఘం మొదట బస్సుల్లో లిఫ్టుల కోసం పోరాడింది. 1990 తర్వాత తన పోరాటాన్ని ఇంటి సహాయకుల వైపు తిప్పి, నర్సింగ్ హోమ్ బడ్జెట్లో పావు వంతు ఇళ్లకు మళ్లించమని అడిగింది. 1999 జూన్ 22న సుప్రీంకోర్టు ఓమ్‌స్టెడ్ కేసులో తీర్పిచ్చింది. జార్జియా రాష్ట్రంలో లోయిస్ కర్టిస్, ఎలేన్ విల్సన్ అనే ఇద్దరు మహిళలు బయట బతకగలరని వైద్యులే చెప్పినా మానసిక వైద్యశాలలోనే ఉండిపోయారు. అవసరం లేకుండా మనుషులను సంస్థల్లో ఉంచడం వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వివక్షేనని కోర్టు తేల్చింది. డబ్బు పెట్టమని మెడికెయిడ్ చట్టం చెప్పని చోట పౌరహక్కుల చట్టం అడగడం మొదలుపెట్టింది.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 1990ల మధ్యలో మెడికెయిడ్ దీర్ఘకాల సంరక్షణ వ్యయంలో ఇళ్లకు, సమాజంలోని సేవలకు చేరింది అయిదో వంతు కూడా లేదు. 2013లో అది మొదటిసారి సంస్థల వ్యయాన్ని దాటింది. 2020కి 60 శాతం పైకి వెళ్లింది. ఇంటి సాయం తేలిగ్గా దొరికితే ఇన్నాళ్లూ అడగనివాళ్లంతా వరస కడతారని, పొదుపు మాట అటుంచి ఖర్చే పెరుగుతుందని ఆర్థికవేత్తలు కొందరు హెచ్చరిస్తూ వచ్చారు. వరస కట్టేవాళ్లు ఉంటారన్నది నిజమే. అయితే వాళ్లకు అంతకుముందు సాయం అందలేదని కాదు, కూతుళ్లూ కోడళ్లూ భార్యలూ ఉద్యోగాలు మానుకుని జీతం లేకుండా చేస్తూ వచ్చారు. ఆ చాకిరీ ఏ పద్దులోనూ పడలేదు కాబట్టే కొత్త ఖర్చులా కనిపిస్తుంది.

గంటల లెక్క

ఈ పథకంలో లబ్ధిదారుకు దక్కేది డబ్బు కంటే ముందు గంటలు. లెక్క కట్టే పద్ధతికి మూలం క్లీవ్‌లాండ్ వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రచురించిన కొలమానం: స్నానం, దుస్తులు, మరుగుదొడ్డి, లేచి కదలడం, మలమూత్రాల మీద అదుపు, తినడం. 1969లో లాటన్, బ్రాడీలు దానికి వంట, బజారుపని, మందులు వేసుకోవడం వంటి ఇంటి వ్యవహారాలను జోడించారు. ఏది తనంతట తాను చేసుకోగలరు, ఏది చేసుకోలేరు అని చూసి అవసరాన్ని నిర్ణయిస్తారు.

కాలిఫోర్నియాలో కౌంటీ సోషల్ వర్కరు ఇంటికొచ్చి ఒక్కో పనికి ఒక్కో ర్యాంకు ఇస్తారు. ఇంటి శుభ్రతకు నెలకు 6 గంటలు. ఇంట్లోనే బట్టలు ఉతికితే వారానికి గంట. కూరగాయలూ సరుకులూ తేవడానికి వారానికి గంట. అన్నం తినిపించడానికి కాస్త సాయం చాలినవాళ్లకు వారానికి 42 నిమిషాల నుంచి మొదలవుతుంది. పూర్తిగా ఇంకొకరి చేతి మీద ఆధారపడ్డవాళ్లకు వారానికి 5 గంటల 15 నిమిషాల నుంచి 9 గంటల 20 నిమిషాలు. రోజుకు విడదీస్తే ముప్పూటలకూ కలిపి 45 నుంచి 80 నిమిషాలు. మింగడం కష్టమైనవాళ్లకు చెంచా చెంచాగా తినిపించినవాళ్లకు తెలుసు, ఒక్క పూటకే ఎంతసేపు పడుతుందో. అవసరాన్ని బట్టి ఈ హద్దు దాటి ఇచ్చే వీలుంది, ఎందుకు ఇచ్చారో రాసిపెట్టాలి. అందరికన్నా తీవ్రంగా ఉన్నవాళ్లకు నెలకు గరిష్ఠం 283 గంటలు, అంటే రోజుకు తొమ్మిదిన్నర గంటలకు కాస్త తక్కువ. మిగిలిన పద్నాలుగున్నర గంటలూ కుటుంబానివి. మతిమరుపు ముదిరి ఇల్లు వదిలి వెళ్లిపోయేవాళ్లను కనిపెట్టుకుని ఉండటానికి వేరే పద్దు ఉంది. అదీ ఈ 283 లోపలే.

ఈ ఒక్క రాష్ట్ర కార్యక్రమంలోనే 6 లక్షలకు పైగా మంది సాయం పొందుతున్నారు. వార్షిక వ్యయం ఇటీవల 2,500 కోట్ల డాలర్లు దాటింది. సాయం చేసేవాళ్లలో ఎక్కువమంది బంధువులే.

డబ్బు నడిచే దారి

ఏజెన్సీ పద్ధతిలో రాష్ట్రం ఏజెన్సీకి చెల్లిస్తే, ఏజెన్సీ మనిషిని పంపుతుంది. చాలాచోట్ల బిల్లు పావుగంటల చొప్పున పడుతుంది. ఒక్కో పావుగంటకు రాష్ట్రం ఇచ్చే రేటులోంచే ఆఫీసు ఖర్చు, బీమా, లాభం, చివరికి పనిచేసిన మనిషి జీతం రావాలి. రెండో పద్ధతిలో సాయం పొందే మనిషే యజమాని. నచ్చినవాళ్లను తనే పెట్టుకుంటాడు, జీతం చెక్కు మధ్యవర్తి సంస్థ రాస్తుంది. 1990ల చివర ఆర్కాన్సాస్, న్యూజెర్సీ, ఫ్లోరిడాల్లో క్యాష్ అండ్ కౌన్సెలింగ్ పేరుతో దీన్ని పరీక్షించారు. సొంతంగా ఎంచుకున్నవాళ్లకు తృప్తి ఎక్కువగా, తీరని అవసరాలు తక్కువగా ఉన్నట్టు తేలింది.

మొత్తం ఖర్చు ఎంత అన్న ప్రశ్నకు ఒకే అంకెతో జవాబు చెప్పలేం. సేవకు ఇంత అని నేరుగా చెల్లించే పద్ధతిలో దేశమంతటా 2011లో 1,270 కోట్ల డాలర్లయింది, 2005 కంటే 35 శాతం ఎక్కువ. 2015కి అది 1,500 కోట్ల డాలర్ల దాకా చేరింది. ఈలోగా సగం దాకా రాష్ట్రాలు దీర్ఘకాల సంరక్షణను బీమా కంపెనీలకు అప్పగించి తలకు ఇంత అని నెలనెలా కడుతున్నాయి. ఆ మొత్తంలో స్నానం చేయించిన మనిషికి పోయిందెంతో బయటివాళ్లకు విడిగా కనిపించదు. ఇన్ని వేల కోట్ల ప్రజాధనంలో సేవ చేసిన చేతికి ఎంత చేరిందో తెలియకపోవడం ఈ వ్యవస్థకున్న పెద్ద లోపాల్లో ఒకటి.

పనిచేసేవాళ్లు

ఇంటి ఆరోగ్య, వ్యక్తిగత సహాయకుల సంఖ్య 2023లో దాదాపు 40 లక్షలు. అమెరికాలో ఇంతమంది ఉన్న వృత్తులు చాలా తక్కువ. పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఆడవాళ్లు, మూడో వంతుకు దగ్గరగా వలస వచ్చినవాళ్లు. ఆ ఏడాది వాళ్ల మధ్యస్థ వేతనం గంటకు 16 డాలర్ల 12 సెంట్లు. ఇది మార్కెట్ తేల్చిన ధర అంటే పూర్తి నిజం కాదు. పావుగంటకు ఎంత ఇవ్వాలో రాష్ట్రం నిర్ణయించాక దాన్ని మించి ఏ ఏజెన్సీ ఇవ్వగలదు?

1974లో కనీస వేతన చట్టాన్ని ఇంటి పనివాళ్లకూ వర్తింపజేసినప్పుడు, వృద్ధులకు తోడుండేవాళ్లను మినహాయించారు. పక్కింటావిడ సాయంత్రం కాసేపు కూర్చుని వెళ్లడం లాంటివాటి కోసం పెట్టిన మినహాయింపు లక్షలమంది వృత్తి పనివాళ్లకు ఉచ్చయింది. జమైకా నుంచి వలస వచ్చి న్యూయార్క్‌లో పనిచేసిన ఎవెలిన్ కోక్ ఓవర్‌టైమ్ కోసం కోర్టుకెక్కారు. 2007 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆమె 2009లో కన్నుమూశారు. 2013లో కార్మిక శాఖ నిబంధన మార్చి ఏజెన్సీ సహాయకులకు కనీస వేతనం, ఓవర్‌టైమ్ హక్కు ఇచ్చింది. 2015లో అది అమలుకొచ్చింది. దాన్ని వెనక్కి తీసుకుంటామని అదే శాఖ 2025 జులైలో ప్రతిపాదించింది. 

1999లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో 74,000 మంది ఇంటి సహాయకులు ఒకేసారి ఎస్‌ఈఐయూ యూనియన్‌లో చేరారు. ఒక్కొక్కరూ ఒక్కో ఇంట్లో, ఒకరికొకరు తెలియకుండా పనిచేసేవాళ్లను కూడగట్టడం మామూలు విషయం కాదు. ఇలినాయ్ సహాయకుల విషయంలో 2014లో వచ్చిన హారిస్ తీర్పు, చేరనివాళ్ల నుంచి యూనియన్ రుసుం వసూలు చేయరాదని చెప్పి ఆ బలాన్ని కొంత తగ్గించింది.

నిఘా

ఈ సేవ మూసిన తలుపు వెనక, సాక్షులు లేకుండా జరుగుతుంది. రాని రోజుకు బిల్లు పెట్టడం, ఆసుపత్రిలో ఉన్న మనిషికి ఇంట్లో స్నానం చేయించినట్టు రాయడం వంటివి కేంద్ర ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2012 నివేదికలో వరసగా కనిపిస్తాయి. మెడికెయిడ్ మోసాలకు పడే శిక్షల్లో ఈ రంగం పలు ఏళ్లుగా ముందు వరసలో ఉంది. 2016 చట్టం ఎలక్ట్రానిక్ హాజరును తప్పనిసరి చేసింది. ఏ సేవ, ఎవరికి, ఎవరు, ఏ రోజు, ఎక్కడ, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది అనే ఆరు సంగతులు ఫోన్‌లోనో యాప్‌లోనో నమోదు కావాలి.

మోసం జరిగితే నష్టపోయేది ఖజానా ఒక్కటే కాదు, ఆ పూట తడిసిన పక్కమీద ఉండిపోయిన మనిషి కూడా. కాబట్టి తనిఖీ కావాల్సిందే. కానీ సహాయకుడి ఫోన్ ఎక్కడుందో కనిపెట్టే యాప్, ఆ పక్కనే ఉన్న వికలాంగుడు ఎక్కడికెళ్లాడో కూడా నమోదు చేస్తుంది. పార్కుకు వెళ్తే సమాధానం చెప్పుకోవాలా అని వికలాంగుల సంఘాలు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. తర్వాత చాలా రాష్ట్రాలు ఒకే ఇంట్లో ఉండే సహాయకులకు సడలింపు ఇచ్చాయి.

కొడుకూ కోడలూ జీతగాళ్లయితే

చట్టరీత్యా పోషించాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు, అంటే భార్యాభర్తలు, మైనరు పిల్లల తల్లిదండ్రులు, మామూలు పద్దు కింద జీతం తీసుకోరాదు. ఈ గీత వెయివర్లలో సడలింది, కోవిడ్ కాలంలో మరింత సడలింది. ఎదిగిన కొడుకు, కూతురు, కోడలు మాత్రం చాలా రాష్ట్రాల్లో జీతానికి అర్హులే. అదే ఇంట్లో ఉంటూ చూసుకునేవాళ్లకు వెయివర్ ద్వారా వచ్చే సొమ్ము మీద ఆదాయపు పన్ను లేదని 2014లో పన్నుల శాఖ ప్రకటించింది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ వ్యవహారం తగిలేది అమ్మానాన్నలను తెచ్చుకున్నప్పుడే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇందులో చోటు లేదు. గ్రీన్‌కార్డు తెప్పించినా 1996 చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లు కేంద్ర మెడికెయిడ్ రాదు. ఆ తర్వాత కూడా స్పాన్సర్ చేసిన కొడుకు లేదా కూతురు ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంలో కలిపి చూడొచ్చు. తల్లిదండ్రులు పౌరసత్వం తీసుకుంటే ఆ లెక్క తొలగిపోతుంది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు సొంత నిధులతో ముందే ఆదుకున్నాయి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో తండ్రి పడిపోయినప్పుడు అమెరికాకు తెచ్చుకుందామా, ఊళ్లోనే మనిషిని పెడదామా అన్న తర్జనభర్జనలో ఈ అయిదేళ్ల గడువు బరువైనదే.

ఇటు మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ ప్రధానంగా ఆసుపత్రి చికిత్సకు ఉద్దేశించినవి. డిశ్చార్జి అయ్యాక ఇంట్లో చేసేవాళ్లకు వాటిలో జీతం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు నెలకు రూ. 15,000 పింఛను ఇస్తున్నారు. దాంతో మనిషిని పెట్టుకోవచ్చు గానీ, ఆ మనిషికి శిక్షణ, గంటలు, సెలవు ఏవీ ఆ పథకం పరిధిలోవి కావు. కేరళ ఆశ్వాసకిరణం మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకే నేరుగా నెలకు రూ. 600 ఇస్తుంది.

బీమాగా చూసిన దేశాలు

జర్మనీ 1995లో సంరక్షణ బీమాను అందరికీ తప్పనిసరి చేసింది, బీదవాళ్లయ్యేదాకా ఆగమనలేదు. అవసరాన్ని అయిదు స్థాయిలుగా కొలుస్తారు. సేవలు తీసుకోవచ్చు, లేదంటే నగదు తీసుకుని కుటుంబమే చూసుకోవచ్చు. 2025లో అయిదో స్థాయికి ఇంటి సేవలైతే నెలకు 2,299 యూరోలు, నగదైతే 990. చూసుకునే కుటుంబ సభ్యులకు పింఛను చందా కూడా కడతారు. జపాన్ 2000 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. 40 దాటినవాళ్లంతా ప్రీమియం కడతారు, సగం ఖర్చు పన్నుల నుంచి వస్తుంది. అక్కడ కుటుంబానికి నగదు ఇవ్వరు. ఇస్తే భారం మళ్లీ కోడళ్ల నెత్తినే పడుతుందని ఆనాడు మహిళా సంఘాలు గట్టిగా వాదించాయి.

అమెరికాలో ఇలాంటి ప్రయత్నం 2010లో క్లాస్ చట్టంగా వచ్చి, అమలు కాకుండానే 2013లో రద్దయింది. వాషింగ్టన్ రాష్ట్రం ఒక్కటే 2023 జులై నుంచి జీతాల్లో 0.58 శాతం వసూలు చేసి, ఒక్కొక్కరికి జీవితకాలంలో 36,500 డాలర్ల దాకా సంరక్షణ ఖర్చు ఇచ్చే నిధిని పెట్టుకుంది.

ఇటీవలి మార్పులు

2021 సహాయ చట్టం ఇంటి సేవల మీద కేంద్రం వాటాను ఏడాదిపాటు 10 శాతం పాయింట్లు పెంచింది. చాలా రాష్ట్రాలు ఆ సొమ్ముతో సహాయకుల జీతాలు పెంచాయి. 2024లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం ఇంటి సేవలకు మెడికెయిడ్ చెల్లించేదాంట్లో 80 శాతం పనిచేసేవాళ్ల వేతనాలకే పోవాలి. దీనికి ఆరేళ్ల గడువు ఇచ్చారు. గ్రామీణ ప్రాంతాల చిన్న ఏజెన్సీలు మూతపడతాయని యాజమాన్యాలు అంటున్నాయి.

2025 జులై 4న సంతకమైన చట్టం పదేళ్లలో కేంద్ర మెడికెయిడ్ వ్యయాన్ని 90,000 కోట్ల డాలర్లకు పైగా తగ్గిస్తుందని అంచనా. అందులో ఇంటి సంరక్షణను నేరుగా కోసిన నిబంధన లేదు. అయినా ఖజానా ఇరుకున పడినప్పుడు రాష్ట్రం ముందుగా చూసేది తప్పనిసరి కాని పద్దుల వైపే. కాలిఫోర్నియా 2013లో అందరి గంటల్లో 8 శాతం కోసి, తర్వాత 7 శాతానికి మార్చి, 2015లో తిరిగి ఇచ్చింది. 283 గంటల మనిషికి 8 శాతం అంటే నెలకు 22 గంటలకు పైగా, రోజుకు ముప్పావు గంట. పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లకు అన్నం తినిపించడానికి ఇచ్చే కనీస సమయం కూడా అంతే.

అదే 2025 చట్టం 2028 జులై నుంచి కొత్త రకం వెయివర్‌కు దారి తెరిచింది. నర్సింగ్ హోమ్‌లో చేర్చాల్సినంత తీవ్రత లేనివాళ్లకూ రాష్ట్రాలు దాని కింద ఇంటి సేవలు ఇవ్వొచ్చు. ఇప్పటికే వరసలో ఉన్నవాళ్ల నిరీక్షణ దానివల్ల చెప్పుకోదగ్గంత పెరగదని ఆ వెయివర్ కోరే ప్రతి రాష్ట్రమూ ముందుగా చూపించాలి.